రాసిందే మళ్లీ రాస్తున్నారా? అయితే బ్లాగు పెట్టండి

ప్రశ్న: పశుసంవర్ధక శాఖలో లైవ్‌స్టాక్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. మాది ప్రకాశం జిల్లా. కొన్నేళ్లుగా పాడి రైతుల వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పశువుల జబ్బుల గురించి రాస్తున్నాను. అడిగిందే అడుగుతారు, రాసిందే మళ్లీ రాస్తుంటాను. మా అమ్మాయి ‘బ్లాగు పెట్టుకో నాన్నా’ అంటోంది. అసలు బ్లాగంటే ఏమిటి? ఫేస్‌బుక్ ఉండగా అదెందుకు? ఈ రోజుల్లో ఎవరు చదువుతారు? ఖర్చెంత? రాబడి ఏమైనా ఉంటుందా? నా పాత నోట్సు అను ఫాంటులో డీటీపీ చేయించి దాచుకున్నాను. అది పనికొస్తుందా?

సమాధానం: ‘రాసిందే మళ్లీ రాస్తుంటాను’ అన్నారు చూశారా, మీకు బ్లాగు ఎందుకో ఆ మాటలోనే ఉంది.

బ్లాగంటే మీరు ఒక్కరే నడుపుకునే చిన్న వెబ్‌సైటు. రాసిన ప్రతిదాన్నీ పోస్టు అంటారు. ప్రతి పోస్టుకూ ఒక శీర్షిక, ఒక తేదీ, దానికంటూ ఒక లింకు ఉంటాయి. కొత్తది పైన కనబడుతుంది, పాతవి వరసగా కిందికి జరుగుతాయి. ఫేస్‌బుక్‌లోనూ ఇంతేగా అనిపించవచ్చు. పొదుగువాపు గురించి మూడేళ్ల కిందట మీరు ఫేస్‌బుక్‌లో రాసింది ఇప్పుడు వెతికి చూడండి, మీకే దొరకడం కష్టం. వాట్సాప్ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆ గ్రూపులో లేనివాడికి అది లేనట్టే లెక్క. బ్లాగు పోస్టు గూగుల్‌కు కనబడుతుంది. మీ పేరు ఎన్నడూ వినని కదిరి రైతు ‘గేదె పొదుగు గట్టిపడింది’ అని ఫోన్లో కొడితే మీ పేజీ అతని ముందుకు రాగలదు. గ్రూపులో ఎవరైనా మళ్లీ అదే అడిగితే మీరు ఒక లింకు పంపి ఊరుకోవచ్చు.

జనం బ్లాగులు ఎందుకు రాశారు, ఎందుకు మానేశారు అన్నది కొంచెం తెలిస్తే మీకు మేలు. బ్లాగర్ అనే సర్వీసు 1999లో మొదలైంది, 2003లో గూగుల్ దాన్ని కొనేసింది. బ్లాగులు నడిపే ఇంకో సాఫ్ట్‌వేరు వర్డ్‌ప్రెస్ వచ్చింది కూడా 2003లోనే. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఎక్కడైనా ఒకే కోడ్లు ఇచ్చే పద్ధతి) తెలుగు కంప్యూటర్లలో సరిగ్గా కనబడడం మొదలయ్యాక, లేఖిని లాంటి టైపింగు పనిముట్లు వచ్చాక, 2006 ప్రాంతం నుంచి తెలుగు బ్లాగులు జోరందుకున్నాయి. కొత్త పోస్టులన్నిటినీ ఒక్కచోట చూపించడానికి కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సైట్లు ఉండేవి. సాఫ్ట్‌వేరు ఉద్యోగులు, మేష్టర్లు, గృహిణులు, మీలాగే రిటైరైనవాళ్లు రాశారు. కొందరికి కథలు, కవితలు అచ్చు వేసుకోవడానికి ఎడిటరు గడప తొక్కే పని తప్పింది. పరాయి దేశంలో ఉన్నవాళ్లకు తెలుగులో మాట్లాడేవాళ్లు దొరికారు. కొందరు తమ పనిలో తెలిసింది నలుగురికీ చెబుదామని రాశారు. రాస్తే గానీ తమ ఆలోచన తమకే తేలదు గనుక రాసినవాళ్లూ ఉన్నారు. వ్యాఖ్యల్లో పోట్లాడుకోవడానికే వచ్చినవాళ్లూ లేకపోలేదు.

తర్వాత ఫేస్‌బుక్ వచ్చింది. బ్లాగుల కొత్త పోస్టులు చదువుకోవడానికి చాలామంది వాడిన గూగుల్ రీడర్‌ను 2013 జులైలో మూసేశారు. కబుర్ల కోసం, మెచ్చుకోళ్ల కోసం రాసినవాళ్లు ఫేస్‌బుక్‌కు వెళ్లిపోయారు. అక్కడ లైకులు వెంటనే పడతాయి మరి. కానీ విషయమున్న పాత బ్లాగు పోస్టులు ఇవాళ్టికీ గూగుల్లో తగులుతూనే ఉన్నాయి. మీ మూడో ప్రశ్నకు జవాబు అదే: బ్లాగు చదువుదామని పనిగట్టుకుని వచ్చేవాళ్లు ఇప్పుడు తక్కువ. ఏదో ఒక సంగతి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు రోజూ ఉంటారు. మీరు రాయబోయేది అలా వెతుక్కునే సరుకే.

ఎక్కడ పెట్టాలంటే, మీకు బ్లాగర్ చాలు. ఉచితం, జీమెయిల్ ఉంటే వచ్చేస్తుంది. వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేరును సొంతంగా పెట్టుకుంటే అందం, వసతులు ఎక్కువే. కానీ ఏటా హోస్టింగుకు, అంటే సైటును ఉంచే చోటుకు, డబ్బు కట్టాలి, అప్‌డేట్లు చూసుకోవాలి, పట్టించుకోకపోతే హ్యాకర్లు దూరతారు. రాయడం మీద ఉండాల్సిన ధ్యాస మరమ్మతుల మీదికి పోతుంది. మీ పేరుతో డాట్ కామ్ గానీ డాట్ ఇన్ గానీ కొనుక్కోమని ఎవరైనా చెబితే తొందరపడకండి. ఏడాది రాశాక, ఇక మానను అని మీకే నమ్మకం కుదిరాక కొనుక్కోవచ్చు. అప్పుడు బ్లాగరే పాత చిరునామాకు వచ్చేవాళ్లను కొత్త చిరునామాకు పంపిస్తుంది, పాత లింకులు చెడవు. కొనేటప్పుడు మొదటి ఏడాది ధర కాదు, రెన్యువల్ ధర చూడండి. గడువు మర్చిపోతే ఆ పేరును వేరేవాళ్లు ఎగరేసుకుపోతారు.

బ్లాగు తెరిచేటప్పుడు శీర్షిక తెలుగులో పెట్టుకోవచ్చు. చిరునామా మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. దాన్ని ఫోన్లో ఒకరికి చెప్పి టైపు చేయమనండి. అక్షరం అక్షరం విడమరచి చెప్పాల్సి వస్తే ఆ పేరు పనికిరాదు. దీర్ఘాలకు రెండు ‘ఏ’లు పెట్టాలా ఒకటా, ‘ద’కు ‘హెచ్’ ఉందా లేదా అనే గొడవ లేని మాట వెతుక్కోండి. తర్వాత సెట్టింగుల్లో రెండు పనులు మరవద్దు. బ్లాగు భాష తెలుగు అని పెట్టండి. టైమ్ జోన్ ఇండియాకు మార్చండి. అది అమెరికా సమయంలో ఉండిపోతే మీరు పొద్దున్నే వేసిన పోస్టు మీద నిన్నటి తేదీ పడుతుంది. సెర్చ్ ఇంజన్లకు కనబడాలి అనే మీట ఆన్‌లో ఉందో లేదో కూడా అక్కడే చూసుకోండి.

ఇక టైపింగు. ఫోన్లో జీబోర్డుకు తెలుగు కలుపుకుంటే మూడు దారులున్నాయి: తెలుగు అక్షరాల కీబోర్డు, ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగయ్యేది, నోటితో చెబితే రాసుకునేది. నోటితో చెప్పేది వేగంగా సాగుతుంది గానీ చుక్కలూ కామాలూ సరిగ్గా పడవు, పల్లె మాటల్ని తనకు తోచినట్టు మార్చేస్తుంది. ‘చిటుక రోగం’ అని మీరంటే అదేం రాసిందో చదివి చూసుకోవాల్సిందే. మొదటి ముసాయిదా చెప్పి రాయించుకుని, దిద్దుబాటు కీబోర్డుతో చేసుకోవడం మీ బోటివాళ్లకు సులువు.

అను ఫాంటులో ఉన్న నోట్సు గురించి. అది నేరుగా పేస్టు చేస్తే పిచ్చిగీతలు వస్తాయి. కారణం ఇదీ: ఆ ఫాంట్లలో కంప్యూటరు దాచుకునేవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడ్లు. వాటికి తెలుగు బొమ్మలు తొడిగారు, అంతే. ఆ ఫాంటు లేనిచోట తొడుగు ఊడిపోతుంది. గూగుల్‌కు కూడా అందులో తెలుగు కనబడదు. అనును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, ‘ఘ’, ‘ఝ’ లాంటి అక్షరాలు, అంకెలు ఒక్కొక్కటీ సరిచూడండి. అంకెల దగ్గర మరీ జాగ్రత్త. మందుల నోట్సులో 5 కాస్తా ఇంకో గుర్తయితే అది అచ్చుతప్పుతో పోదు. డీటీపీకి వాడే పేజీమేకర్ ఫైలు తెరవడానికి మీ దగ్గర దారి లేకపోతే, డీటీపీ చేసినాయన దగ్గరికే వెళ్లి టెక్స్టు బయటికి తీయించుకోండి.

వర్డ్ నుంచో వాట్సాప్ నుంచో పేస్టు చేసేటప్పుడు కంట్రోల్, షిఫ్టు, వి కలిపి నొక్కండి. మామూలుగా పేస్టు చేస్తే దాంతోపాటు పాత ఫాంట్లు, రంగులు, సైజులు వచ్చి, ఒక పేరా చిన్నగా, ఒక పేరా పెద్దగా తయారవుతుంది. బ్లాగర్ థీములు, అంటే పేజీ రూపాన్ని నిర్ణయించే నమూనాలు, ఇంగ్లీషును మనసులో పెట్టుకుని చేసినవి, కాబట్టి తెలుగులో పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. వరసల మధ్య ఎడం 1.7 దాకా పెంచితే పేజీ తేటపడుతుంది. అది థీమ్ సెట్టింగుల్లో ఒక్కసారి చేసే పని, మీ అమ్మాయికి అప్పగించండి. రెండు అంచులూ సమంగా వచ్చేట్టు సర్దకండి. పత్రికలో అది బాగుంటుంది గానీ, ఫోన్ తెర మీద పొడుగు తెలుగు మాటల మధ్య గుంటలు పడతాయి.

ఇప్పుడు అసలు సంగతి, పోస్టు ఎలా రాయాలన్నది. అందరూ తడబడేది శీర్షిక దగ్గర. ‘పాడి రైతులకు కొన్ని సూచనలు’ అని పెడతారు. గూగుల్లో అలా ఎవరు కొడతారు? ‘గేదె ఈనాక మాయ వేయకపోతే ఏం చేయాలి?’ అని పెట్టండి. రైతు నోట వచ్చే ప్రశ్న ఏదో అదే శీర్షిక. మీ వాట్సాప్ గ్రూపుల్లో ఇన్నేళ్లుగా వచ్చిన ప్రశ్నల్ని ఉన్నవున్నట్టుగా, వాళ్ల మాటల్లోనే ఒక పుస్తకంలో రాసుకోండి. మీకు ఏడాదికి సరిపడా శీర్షికలు అందులో ఉన్నాయి.

మాటల తేడా కూడా ఉంది. కోస్తాలో గేదె, తెలంగాణలో బర్రె, సీమలో ఎనుము అనేవాళ్లూ ఉన్నారు. శీర్షికలో గేదె అంటే మొదటి పేరాలో బర్రె అనండి, ఎక్కడో ఒకచోట ఎనుము కూడా రానివ్వండి. ‘గొంతువాపు’ అని రాస్తే పక్కనే ‘గురక వ్యాధి’ అని, డాక్టర్లు వాడే ‘హెచ్ఎస్’ అని కూడా ఉండాలి. వెతికేవాడికి వీటిలో ఏ మాట తెలుసో మనకు తెలియదు గదా. చాలామంది తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. వాళ్ల కోసం చేయాల్సిన పని లింకులో ఉంది.

ఈ లింకు సంగతి కొంచెం నెమ్మదిగా చదవండి, తెలుగు బ్లాగుల్లో నూటికి తొంభై చోట్ల చెడేది ఇక్కడే అంటాం. శీర్షిక ఇంగ్లీషులో ఉంటే బ్లాగర్ దాన్నుంచే లింకు తయారుచేస్తుంది. తెలుగు శీర్షికలోని అక్షరాల్ని మాత్రం వదిలేస్తుంది. దాంతో లింకు చివర ‘బ్లాగ్-పోస్ట్’ అనీ, దాని పక్కన ఏదో అంకె అనీ పడుతుంది. యాభై పోస్టులయ్యాక ఏ లింకు దేనిదో మీకే తెలియదు, గూగుల్‌కూ దాన్నుంచి సూచన అందదు. అందుకని ప్రచురించే ముందు, కుడివైపు పోస్టు సెట్టింగుల్లో పర్మాలింక్ అన్నచోట కస్టమ్ ఎంచుకుని, ‘గేదె మాయ వేయకపోతే’ అన్న మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో చిన్న గీతలు పెట్టి టైపు చేయండి. ప్రచురించాక మార్చాలంటే పోస్టును మళ్లీ డ్రాఫ్టుగా చేయాలి, అప్పటికే పంచిన లింకులు పనిచేయవు. కాబట్టి ముందే చేసుకోండి.

పోస్టు 400 నుంచి 700 పదాలు ఉంటే చాలు. జవాబు మొదటి నాలుగు వాక్యాల్లోనే చెప్పేయండి. వెతుక్కుంటూ వచ్చినవాడి గేదె కొట్టంలో ఇబ్బంది పడుతోంది, పాడి పరిశ్రమ విశిష్టత చదివే ఓపిక అతనికి లేదు. మాయ గురించైతే, ఎన్ని గంటలు చూడవచ్చు, చేత్తో లాగితే ఏమవుతుంది, బరువు కట్టి వేలాడదీయడం ఎందుకు తప్పు, ఏ లక్షణం కనబడితే డాక్టర్ని పిలవాలి, ఈ వరసలో రాయండి. చివర 1962 నంబరు ఇవ్వండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పశువుల అంబులెన్సుకు అదే నంబరు.

మీ విషయంలో ఒక హద్దు గట్టిగా పాటించాలి. లక్షణాలు, ముందు జాగ్రత్తలు, టీకాల కాలం, ప్రథమ చికిత్స రాయండి. ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్కుల మోతాదులు రాయకండి. చికిత్స చేసే అధికారం రిజిస్టరైన వెటర్నరీ డాక్టరుదే అని 1984 నాటి చట్టం చెబుతోంది. చట్టం అటుంచినా, గేదె మోతాదు చదివి దూడకు వేసేవాడు ఉంటాడు. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. పాత నోట్సులో ఉన్న మందు ఇప్పుడు చెల్లకపోవచ్చు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును ఒకప్పుడు పశువులకు విరివిగా వాడేవాళ్లు. ఆ మందు వేసిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందులు చనిపోతున్నాయని 2006లో పశువులకు నిషేధించారు. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లనూ నిషేధించారు. మీరు 2004లో రాసుకున్న కాగితాన్ని ఉన్నదున్నట్టు ఎక్కిస్తే ఆ తప్పు మీ పేరు మీద తిరుగుతుంది. ప్రతి పోస్టు కింద ‘చివరిసారి సరిచూసిన తేదీ’ అని ఒక వరస పెట్టండి. ఏడాదికోసారి అన్నీ చదివి, మారింది మార్చి, ఆ తేదీ కూడా మార్చండి. ఫేస్‌బుక్ పోస్టుకు ఇంత శ్రద్ధ ఎవరూ పెట్టరు, అక్కడది అవసరమూ రాదు. బ్లాగు పోస్టు పదేళ్లు బతుకుతుంది గనుక కావాలి.

లేబుళ్లు అని ఉంటాయి, పోస్టుల్ని విభాగాలుగా పెట్టుకోవడానికి. ఎనిమిది పది దాటనివ్వకండి. ‘గేదె’, ‘గేదెలు’, ‘గేదెల జబ్బులు’ అని మూడు రకాలుగా పెడితే అవి మూడు వేర్వేరు విభాగాలవుతాయి, ఒకదానిలో ఉన్నది ఇంకోదానిలో కనబడదు. ‘గేదెలు ఆవులు’, ‘గొర్రెలు మేకలు’, ‘టీకాలు’, ‘మేత’, ‘దూడలు’ అని ముందే కాగితం మీద రాసుకుని వాటినే వాడండి. పేర్లలో కామా మాత్రం వద్దు, బ్లాగర్ కామా దగ్గర లేబుల్‌ను రెండుగా విడగొడుతుంది. ‘గొర్రెలు మేకలు’ అని రాస్తే సరి.

ఫోటోలు మీవే వాడండి. గూగుల్లో దొరికింది ఉచితం అనుకోవద్దు, దానికీ ఒక హక్కుదారు ఉంటాడు. ఫోన్లో తీసిన ఫోటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది. అలాగే ఎక్కిస్తే పల్లెలో సిగ్నల్ సరిగ్గా లేనివాడికి పేజీ తెరుచుకోదు. వెడల్పు 1200 పిక్సెళ్లకు, సైజు 200, 300 కేబీకి తగ్గించండి. రైతు మొహం, ఇంటి గోడ మీద పేరు, బండి నంబరు ఫోటోలో పడకుండా చూడండి. పడితే అడిగి వేయండి.

పది పన్నెండు పోస్టులు అయ్యేదాకా ఎవరికీ చెప్పకండి. రెండే పోస్టులున్న బ్లాగుకు వచ్చినవాడు మళ్లీ రాడు. వారానికొకటి చొప్పున రాస్తే మూడు నెలల పని. ఆ తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మీ బ్లాగు నమోదు చేసి సైట్‌మ్యాప్, అంటే మీ పేజీల జాబితా, ఇవ్వండి. అదీ ఉచితమే. అంతటితో పోస్టులు వెంటనే పైకి రావు, వారాలు పడుతుంది, మొదటి ఆరు నెలలు సందర్శకులు పలచగానే ఉంటారు. ఈ దశలోనే చాలామంది మానేస్తారు. బ్లాగర్ చూపే అంకెల్ని నమ్ముకోవద్దు. అందులో మీ చూపులు, రోబోల చూపులు కూడా కలిసి ఉంటాయి. ఒక్కరోజులో ఏ సింగపూరు నుంచో వందల మంది వచ్చినట్టు చూపితే వాళ్లు మనుషులు కారని అనుకోండి. సెర్చ్ కన్సోల్ చూపేది నమ్మండి. జనం ఏ మాటలు కొట్టి మీ పేజీ దాకా వచ్చారో అందులో ఉంటుంది. ‘బర్రె మాయ పడలేదు’ అని వస్తున్నారని తేలితే ఆ మాటను పోస్టులో చేర్చండి. రాబోయే కాలానికి ఏం రాయాలో కూడా అదే చెబుతుంది. వానలకు ముందు గొంతువాపు, జబ్బవాపు టీకాల గురించి రాయాలి, వానల్లో కాదు. గూగుల్ ఆ పోస్టును చూసుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది కదా.

డబ్బు గురించి. పేజీల్లో ప్రకటనలు వేసి మనకు డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగు పేజీలకు కూడా ప్రకటనలు ఇస్తోంది. ఖాతాలో పది డాలర్లు చేరాక మీ ఇంటికి పోస్టులో ఒక పిన్ వస్తుంది, చిరునామా నిజమేనా అని చూడడానికి. వంద డాలర్లు చేరాకే బ్యాంకులో పడతాయి. ఇంగ్లీషు పేజీలతో పోలిస్తే తెలుగు పేజీలకు ఇచ్చేది బాగా తక్కువ. మీ బోటి బ్లాగుకు ఆ వంద చేరడానికి ఏళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. మొదటి ఏడాది ఆ జోలికే పోవద్దని మా సలహా. పోయినా, ‘కాస్త ఆ ప్రకటన నొక్కండి’ అని బంధువులకు మాత్రం చెప్పకండి. అది పసిగట్టి ఖాతానే మూసేస్తారు. బ్లాగుతో నెలకు లక్ష అని కోర్సులు అమ్మేవాళ్లకు వచ్చే లక్ష ఆ కోర్సులు అమ్మగా వచ్చేదే. మందుల కంపెనీయో దాణా కంపెనీయో డబ్బిచ్చి రాయమంటే, తీసుకుంటే ఆ సంగతి పోస్టు మొదట్లోనే చెప్పాలి. తీసుకోకపోవడం ఇంకా మంచిది, రైతులు మీ మాట వినేది మీరు ఏదీ అమ్మడం లేదనే.

ఇదంతా గూగుల్ చేతిలో ఉందన్నది కూడా గుర్తుంచుకోండి. 2019లో గూగుల్ ప్లస్ మూతపడినప్పుడు దానితో ముడిపడిన బ్లాగుల్లోని వ్యాఖ్యలన్నీ పోయాయి. నెలకోసారి సెట్టింగుల్లో బ్యాకప్ నొక్కి ఫైలు దించుకోండి. అందులో రాతంతా ఉంటుంది, ఫోటోలు ఉండవు, వాటి లింకులే ఉంటాయి. కాబట్టి ఫోటోల ఫోల్డరు విడిగా దాచుకోండి. రెండేళ్లు ఎవరూ వాడని ఖాతాల్ని గూగుల్ తీసేయవచ్చు. మీ అమ్మాయిని రచయితగా ఆహ్వానించి, ఆమె ఒప్పుకున్నాక అడ్మిన్‌గా మార్చండి. మీ ఫోను పోయినా, పాస్‌వర్డు మరిచినా ఆమె బ్లాగు తెరవగలుగుతుంది.

చివరగా ‘నా గురించి’ పేజీ. పేరు, చేసిన ఉద్యోగం, ఎన్నేళ్ల అనుభవం, రిటైరయ్యారన్న మాట, మీరు డాక్టరు కాదన్న మాట, ఇవి చాలు. ఫోన్ నంబరు పెట్టకండి. పెడితే అర్ధరాత్రి ఏ జిల్లా నుంచైనా ఫోన్లు వస్తాయి, ఎత్తకపోతే మీకు నిద్ర పట్టదు. బ్లాగు కోసం విడిగా ఒక ఈమెయిల్ తెరిచి అదివ్వండి.